పులస తిరిగొచ్చే దారి: కార్డుల ఆటలో కలయికలకి లెక్క కట్టడం

భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. గోదావరి మీద 120 కార్డుల ఆట ఒకటి తయారుచేస్తున్నాడు. ఆడేవాళ్లు ఆ 120లోంచి తమకి నచ్చినవి ఏరుకుని 40 కార్డుల డెక్ కట్టుకుంటారు, ఒకే కార్డు మూడు కాపీల దాకా పెట్టుకోవచ్చు. ఆటకి ఇంధనం నీరు. మొదటి వంతులో ఒకటి, రెండో వంతులో రెండు, అలా పెరుగుతూ పోతుంది. ప్రతి కార్డుకీ ఖరీదు ఆలోచించే పెట్టాడు, విడివిడిగా చూస్తే ఏదీ ఎక్కువ అనిపించదు. కానీ "పులస", "సంత", "ఎదురీత" మూడూ ఒకరి చేతిలో పడితే మూడో వంతులోనే ఆట అయిపోతోంది. ఎదురీత ఖరీదు 3 నుంచి 5కి పెంచితే ఎవరూ డెక్‌లో పెట్టుకోవడం లేదు. 4 చేస్తే ఒక వంతు ఆలస్యంగా అదే గొడవ. "అన్నయ్యా, ఎక్కడ సరిచేయాలి?" అని అడిగాడు.

తమ్ముడూ, అచ్చుకి ముందే ఈ కాంబో, అంటే కార్డుల కలయిక, నీ కంటపడిందంటే నీ టెస్టింగ్ సరిగ్గానే సాగుతోందన్నమాట. చాలామందికి అచ్చు వేయించాక తెలుస్తుంది. నాకూ అలాగే తెలిసింది, ఆ సంగతి కింద చెబుతాను. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు మొబైల్ కార్డు గేముల మీద పనిచేసి అమలాపురం వచ్చేశాను. ఇప్పుడు అట్ట కార్డులతోనే ఆటలు కడుతున్నాను. నువ్వు పంపిన మూడు కార్డులూ కాగితం మీద రాసి, కత్తిరించి, మా ఇంట్లో బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను.

పులస: 1 నీరు. బల్ల మీదకి వచ్చినప్పుడల్లా ఎదుటివారికి 1 దెబ్బ. సంత: 2 నీళ్లు. మన చేపల్లో ఒకదాన్ని పారేసిన కట్టలో వేస్తే 1 నీరు వస్తుంది. ఎదురీత: 3 నీళ్లు. 1 నీరు ఇస్తే పారేసిన కట్టలోని పులస ఒకటి తిరిగి బల్ల మీదకి వస్తుంది.

మొదటి వంతులో పులస దిగింది, రెండో వంతులో సంత, మూడో వంతులో ఎదురీత. ఇప్పుడు పులసని సంతలో వేస్తే 1 నీరు వచ్చింది. ఆ నీరు ఎదురీతకి ఇస్తే పులస మళ్లీ దిగింది, ఎదుటివాడికి 1 దెబ్బ. మళ్లీ సంత, మళ్లీ 1 నీరు, మళ్లీ పులస. ఒక్క చుట్టుకి మనకి ఖర్చు సున్నా, ఎదుటివాడికి నష్టం ఒకటి. ప్రాణం 20 అయితే, పులస మొదట దిగినప్పటి దెబ్బ పోను పంతొమ్మిది చుట్లకి ఆట సరి.

ఈ చుట్టులో ఎదురీత ఖరీదు ఎక్కడ తగులుతోందో చూడు. ఎక్కడా తగలడం లేదు. అది గుమ్మం దగ్గర ఒక్కసారి తీసుకునే టికెట్టు. లోపలికి వెళ్లాక ఎన్నిసార్లు తిరిగినా అడిగేవాళ్లు లేరు. టికెట్టు 5 చేస్తే, పోట్లాటలో చనిపోయిన పులసని అప్పుడప్పుడు వెనక్కి తెచ్చుకుందామనుకున్న మామూలు ఆటగాడికి అది భారమైంది, వదిలేశాడు. 4 చేస్తే, గుండ్రంగా తిప్పేవాడు ఒక్క వంతు ఓపిక పట్టి అదే పని చేశాడు. రెండుసార్లూ దెబ్బ తిన్నది ఏ పాపం తెలియని ఆటగాడే. కార్డు మీద వేసే ఖరీదు ఆ కార్డు ఒంటరిగా చేసే పనికి సరిపోతుంది. ఒక కార్డు ఇచ్చింది ఇంకో కార్డు అందుకునే సందు ఉంటుంది చూశావా, దానికి వేరే లెక్క కట్టాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఆ సందు గురించే.

ఈ చిక్కు ఈ రకం ఆటలతోపాటే పుట్టింది. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసిన మ్యాజిక్: ది గ్యాదరింగ్ వచ్చింది. సేకరించుకుని ఆడే కార్డు ఆటలన్నింటికీ పెద్దన్న అదే. దాని మొదటి సెట్‌లో ఐదు కార్డుల వరస ఒకటుంది. ఐదింటికీ ఖరీదు ఒకటే, ఒక్క మానా. నీ ఆటలో నీరు ఎలాగో అక్కడ మానా అలాగ. ఐదింటిలోనూ అంకె మూడే. హీలింగ్ సాల్వ్ వాడితే 3 ప్రాణం, లైట్నింగ్ బోల్ట్‌తో 3 దెబ్బలు, జయంట్ గ్రోత్‌తో ఒక జీవికి ఆ వంతు వరకు మూడేసి బలం, ఓర్పు (ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో అది). డార్క్ రిచ్యువల్‌తో 3 మానా, యాన్సెస్ట్రల్ రీకాల్‌తో 3 కార్డులు. కాగితం మీద చూస్తే తూకం వేసి పంచినట్టుంటుంది. ఆడేసరికి యాన్సెస్ట్రల్ రీకాల్ ఆ ఆట చరిత్రలోనే అతి బలమైన కార్డుల్లో ఒకటయింది. ఆ ఆటలో ఏ కార్డులు వాడొచ్చో చెప్పే పోటీ పద్ధతులు కొన్ని ఉన్నాయి. వాటిలో వింటేజ్ పద్ధతిలో ఇప్పటికీ డెక్‌కి ఒక్కటే పెట్టుకోనిస్తారు, లెగసీ పద్ధతిలో అసలు రానివ్వరు. హీలింగ్ సాల్వ్‌ని పట్టించుకునేవాళ్లు లేరు. కారణం ఏమిటంటే, 3 ప్రాణం వచ్చిందంటే అక్కడితో ఆగిపోయింది. దాన్ని మళ్లీ దేనికైనా వాడాలంటే ప్రాణాన్ని తినే కార్డు ఇంకోటి కావాలి. 3 కార్డులు వచ్చాయంటే అవి మూడు పనులకి తలుపులు. 3 మానా కూడా అంతే. అంకె ఒకటే అయినా, కొన్ని చోట్ల నీరు మడిలో ఇంకిపోతుంది, కొన్ని చోట్ల కాలువలోకి వెళ్లి ఇంకో మడికి పారుతుంది.

కాలువ మాట వచ్చింది కాబట్టి, నేను వాడే పద్ధతి కూడా దానితోనే చెబుతాను. మీ పశ్చిమ డెల్టాకి నీరొచ్చేది విజ్జేశ్వరం నుంచి. మా కోనసీమకి, అంటే మధ్య డెల్టాకి, బొబ్బర్లంక నుంచి. అక్కడ తలతూములో వదిలిన నీరు కాలువ, బోదె, మడి, చివరికి మురుగు కాలువ, సముద్రం అన్న వరసలోనే పోతుంది. ఎక్కడా వెనక్కి తిరిగి తలతూముకి రాదు. రావాలంటే ఎవరో మోటారు పెట్టి తోడాలి, తోడితే కరెంటు ఖర్చు. మంచి కార్డు ఆటలో వనరుల ప్రవాహం కూడా అలా ఉండాలి. నీరు కార్డుగా మారొచ్చు, కార్డు చేపగా, చేప దెబ్బగా మారొచ్చు. ఎక్కడైనా వెనక్కి తిరిగి నీరుగా మారుతోందంటే అక్కడ మోటారు ఉందా, దానికి కరెంటు బిల్లు ఎంత అని చూడాలి. నీ ఆటలో సంత మోటారు. బిల్లు సున్నా.

పద్ధతి ఇది. నీ 120 కార్డులకీ ఒక షీటు వెయ్యి. ఒక్కో కార్డుకి రెండే గళ్లు: ఏం తింటుంది, ఏం ఇస్తుంది. నీ ఆటలో తినడానికీ ఇవ్వడానికీ ఉన్న సరుకులు ఆరే: నీరు, చేతిలోని కార్డులు, బల్ల మీది చేపలు, పారేసిన కట్ట, ప్రాణం, వంతు. వంతుని మర్చిపోకు. "ఈ వంతులో ఇంకోసారి" అనే కార్డు ఏదైనా వంతుని ఇస్తున్నట్టే లెక్క. తర్వాత ఒక పెద్ద కాగితం మీద ఆరు సరుకులూ ఆరు చుక్కలుగా పెట్టి, ప్రతి కార్డుకీ ఒక బాణం గియ్యి. తినే సరుకు దగ్గర మొదలై ఇచ్చే సరుకు దగ్గర ఆగాలి, బాణం మీద అంకెలు రాయాలి. ఎక్కడ బాణాలు గుండ్రంగా తిరిగి మొదటికి వస్తే అక్కడ ఎర్రపెన్ను.

ఇదంతా ఎందుకు, ఆడిస్తే తెలియదా అంటావేమో. 120 కార్డుల్లో రెండేసి కార్డుల జతలు 7,140. మూడేసి చొప్పున గుంపులు 2,80,840. ఎంతమంది స్నేహితులుంటే ఇన్ని ఆడించగలవు? బాణాల కాగితం ఒక్క ఆదివారం పని. నేను వేసిన ప్రతిసారీ ఆ లక్షల గుంపుల్లో నిజంగా చూడాల్సినవి ముప్పై నలభైకి దిగాయి.

ఇంకో చిన్న అలవాటు కూడా చేసుకో. కార్డు మీది మాటల్లో "అల్లా" చేరిన ప్రతి చోటా ఆగు. "వచ్చినప్పుడల్లా", "చనిపోయినప్పుడల్లా". అలాగే "ఎన్నిసార్లైనా", "ఉచితంగా", "అన్నీ". ఈ మాటలకి పైన మూత ఉండదు. నీ పులస మీద "వచ్చినప్పుడల్లా" ఉంది. ఆ ఒక్క మాటే 1 దెబ్బని ఇరవై దెబ్బలు చేసింది.

కార్డుల్ని నేను నాటేవి, కోసేవి అని రెండు రకాలుగా చూస్తాను. సంత, ఎదురీత నాటే కార్డులు. అవి సరుకు పోగు చేస్తాయి. "వచ్చినప్పుడల్లా దెబ్బ" అనేది కోత. నాటే కార్డు ఒంటరిగా ఉన్నా కాస్త పనికిరావాలి, లేకపోతే రెండోది దొరికేదాకా చేతిలో చచ్చిన ముక్కలా పడి ఉంటుంది. కోసే కార్డు మాత్రం కోతకి వచ్చిన చేనుని బట్టి ఎంతైనా పెరుగుతుంది కాబట్టి, మూత దాని మీదే ఉండాలి. అచ్చయిన పాత సెట్టుకి కొత్త సెట్టు కలిపేటప్పుడు ఇది మరీ ముఖ్యం. మ్యాజిక్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. కళాదేశ్ అని, మన దేశపు ఛాయలతో ఊహించిన లోకం ఒకటి వాళ్లు 2016లో తెచ్చారు. అందులో సహీలీ రాయ్ అనే కార్డు మన జీవుల్లో ఒకదానికి ఒక వంతుపాటు నకలు చేస్తుంది. తర్వాత 2017 జనవరిలో వచ్చిన సెట్‌లో ఫెలిడార్ గార్డియన్ అనే పిల్లి కార్డు, తాను దిగగానే మన కార్డు ఇంకోదాన్ని ఆట బయటికి తీసి కొత్తగా దింపుతుంది. సహీలీ పిల్లికి నకలు చేస్తే, నకలు పిల్లి దిగి సహీలీని కొత్తగా దింపుతుంది, ఆమె మళ్లీ నకలు చేస్తుంది. లెక్కలేనన్ని పిల్లులు. పెద్ద బృందం పరీక్షించే ఆట అది, అయినా వాళ్ల కన్నుగప్పి అచ్చయిపోయింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో పిల్లిని, కొత్త సెట్లతో ఆడే స్టాండర్డ్ పద్ధతిలో నిషేధించారు. ఏ ఒక్క కార్డులోనూ తప్పు లేదు. ఇద్దరూ "కొత్తగా దిగడం" అనే ఒకే సరుకుని ఒకరికొకరు అందించుకున్నారు.

ఇప్పుడు నా సంగతి. నా మొదటి అచ్చు ఆటలో "పంటు" అని, ఏరు దాటించే పెద్ద పడవ పేరుతో ఒక కార్డు ఉండేది. 3 నీళ్లు. బల్ల మీద ఉంటే ప్రతి వంతులో చేతిలోని కార్డు ఒకటి ఉచితంగా దింపుకోవచ్చు, కానీ ఆ కార్డు ఖరీదు 2కి మించకూడదు. నెలల తరబడి ఆడించాం, ఎవరికీ పెద్దగా నచ్చలేదు. రేపు ప్రెస్సుకి ఇవ్వాలనగా రాత్రి ఒంటిగంటకి ఫైళ్లు సరిచూస్తున్నాను. ఆ కార్డులో రాత ఒక లైను ఎక్కువై గడిలోంచి బయటికి వస్తోంది. ఎలాగూ బలహీనంగా ఉంది కదా అని "2కి మించకూడదు" అన్న వాక్యం తీసేశాను. గడిలో చక్కగా సరిపోయింది. 300 పెట్టెలు అచ్చయ్యాయి. సంక్రాంతి సెలవులకి రాజోలు నుంచి వచ్చిన పదో తరగతి కుర్రాడు పెట్టె విప్పిన అరగంటలో పంటు మీద 9 నీళ్ల కార్డు ఎక్కించి నాలుగో వంతులో దింపేశాడు. వాడి ముఖంలో సంతోషం నాకు ఇప్పటికీ గుర్తు, నా కడుపులో పడిన రాయి కూడా. సరిచేసిన పంటు కార్డులు మళ్లీ అచ్చు వేయించి, ఒక్కొక్కటీ కవరులో పెట్టి, కొన్నవాళ్లందరికీ పోస్టు చేశాను.

తర్వాత చదివితే తెలిసింది, ఇది ఎంత పెద్దవాళ్లకైనా జరుగుతుందని. మ్యాజిక్‌లో 2004లో వచ్చిన స్కల్‌క్లాంప్ అనేది జీవికి తగిలించే కార్డు, తగిలించుకున్న జీవి చనిపోతే రెండు కార్డులు ఇస్తుంది. మొదట అది జీవికి ఓర్పు కలిపేది. ఆఖర్లో దాన్ని ఒక ఓర్పు తగ్గించేలా మార్చారు. దాంతో ఏమవుతుందో పసిగట్టలేదు. తీరా చూస్తే ఒక్క ఓర్పున్న చిన్న జీవికి తగిలిస్తే చాలు, అది వెంటనే చనిపోయి రెండు కార్డులు ఇస్తుంది, తగిలించడానికి అయ్యేది ఒక్క మానా. ఆ ఏడాది జూన్‌లోనే స్టాండర్డ్‌లో నిషేధం. ఇరవై ఏళ్ల తర్వాత, 2024లో నాడు అనే పక్షి కార్డు వచ్చింది. ఆఖర్లో మార్చిన దాని రూపాన్ని ఆడి చూడలేదని తయారుచేసినవారే రాశారు. ఆగస్టులో మోడర్న్ అనే పోటీ పద్ధతిలో అదీ పోయింది. అందుకని నా ఇంట్లో నియమం ఒకటి పెట్టుకున్నాను: చివరి టెస్టింగ్ అయ్యాక మూత తీసే మార్పు ఏదైనా చేస్తే అచ్చు వాయిదా. రాత గడిలో పట్టకపోతే అక్షరాల సైజు తగ్గిస్తాను.

నీ కార్డులకి వద్దాం. సందు దగ్గర సరిచేయడానికి నాకు తెలిసిన దారులు కొన్ని ఉన్నాయి, ఒక్కోదాని స్వభావం వేరు.

మొదటిది చుట్టు చుట్టుకీ సుంకం. ఎదురీతలో పులసని తేవడానికి 1 బదులు 2 నీళ్లు అను. సంత 1 ఇస్తుంది, ఎదురీత 2 తింటుంది, చుట్టుకి 1 నీరు నికరంగా పోతుంది. ఆరో వంతులో ఆరు నీళ్లుంటే ఆరు చుట్లు, ఆరు దెబ్బలు. ఇది న్యాయంగానే ఉంటుంది. కానీ రేపు నువ్వు ఇంకో సెట్‌లో "చేప అమ్మినప్పుడల్లా 1 నీరు అదనం" అనే కార్డు తెచ్చావంటే మళ్లీ చుట్టు సున్నాకి వస్తుంది. సుంకం అనేది కొంత ఎత్తు దాకానే ఆపే గట్టు లాంటిది. నీటిమట్టం పెరిగితే పొర్లుతుంది.

రెండోది "వంతుకి ఒక్కసారి". ఇది గట్టి గట్టు. యూ-గి-ఓ అనే కార్డు ఆటలో మానా లాంటి వనరే లేదు, అందుకే వాళ్ల కార్డుల మీద ఈ మాట అంత ఎక్కువగా కనిపిస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. "ఈ కార్డు వంతుకి ఒక్కసారి" అని రాస్తే, మూడు ఎదురీతలు బల్ల మీద ఉన్నవాడు మూడుసార్లు తిప్పుతాడు. "ఎదురీత అనే పేరున్న కార్డులన్నీ కలిపి వంతుకి ఒక్కసారి" అని రాస్తే ఒక్కసారే. రెండింటికీ ఆటలో చాలా తేడా వస్తుంది. ఏది కావాలో తేల్చుకుని రాయి.

మూడోది ఆలస్యం. పులస ఇప్పుడే రాదు, నీ వచ్చే వంతు మొదట్లో వస్తుంది. నాకు ఇది ఇష్టం, ఎందుకంటే మధ్యలో ఎదుటివాడికి ఒక వంతు దొరుకుతుంది. వస్తున్నది కనిపిస్తుంది, ఏదైనా చేసుకోవచ్చు.

కానీ నీ ఆటకి వీటన్నిటికంటే మంచిది నీ కథలోనే ఉంది. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. వరద నీళ్లకి ఎదురీది గోదావరిలోకి వస్తేనే పులస. పుస్తెలు అమ్మైనా పులస తినాలి అంటారు మన దగ్గర. మరి సంతలో అమ్ముడుపోయిన పులస కూరలోకే వెళుతుంది, మళ్లీ ఏటికి ఎదురీదదు కదా! సంత కార్డులో "పారేసిన కట్టలో వేస్తే" అన్న మాట తీసేసి "ఆట బయటికి తీసేస్తే" అని రాయి. అంతే. సంత ఖరీదు మారలేదు, ఎదురీత ఖరీదు 3కే తిరిగి వచ్చేయొచ్చు. సంతకి చేపలు కావాలి, ఎదురీతకి పోట్లాటలో చనిపోయిన పులసలు కావాలి. రెండూ తమ తమ పని చేసుకుంటాయి, ఒకదాని చేతిలోది ఇంకోదాని చేతిలో పడే సందు ఒక్కటే మూసుకుపోతుంది. పైగా కార్డు చదివిన ఎవరికైనా ఇది నియమంలా అనిపించదు. నిజంగా అలాగే జరుగుతుంది కాబట్టి గుర్తుంటుంది. నియమం కథలోంచి వచ్చినప్పుడు పిల్లలు దాన్ని మర్చిపోరు. ఇది నేను చాలాసార్లు చూశాను.

అలాగని ప్రతి సందూ మూసేయకు. కలయికలు కనిపెట్టడమే ఈ ఆటల్లో ప్రాణం. హార్త్‌స్టోన్ అనే కంప్యూటర్ కార్డు ఆటలో 2015లో ఒక సంగతి జరిగింది. గ్రిమ్ పేట్రన్ అనే కార్డు దెబ్బ తిని బతికిన ప్రతిసారీ ఇంకో గ్రిమ్ పేట్రన్‌ని పిలుస్తుంది. వార్‌సాంగ్ కమాండర్ అనే కార్డు బలం 3కి మించకుండా పిలిచిన జీవులకి దిగిన వెంటనే కొట్టే శక్తి ఇచ్చేది. రెండూ కలిస్తే ఒక్క వంతులో బల్ల నిండిపోయి, ఎదుటివాడి పని అయిపోయేది. అక్టోబరులో కమాండర్‌ని మార్చి ఆ శక్తి తీసేశారు. ఆ డెక్ పోయింది, దానితోపాటు కమాండర్ కార్డు కూడా ఎవరికీ అక్కరలేనిదైపోయింది. కంప్యూటర్ ఆట కాబట్టి రాత్రికి రాత్రి మార్చగలిగారు. ఆ డెక్ ఆడటం కష్టం, బాగా నేర్చుకున్నవాళ్లకే పట్టుబడేది. వాళ్లు ఎంత బాధపడ్డారో అప్పుడు నాతో పనిచేసినవాళ్లలోనే చూశాను. నీది అట్ట ఆట. అచ్చయ్యాక మార్చలేవు, కాబట్టి ముందే మెల్లగా, సన్నగా కొయ్యాలి. పులస తిరిగొచ్చే ఆనందం పూర్తిగా పోకుండా నీ "వరద" కార్డుకి ఒక మాట చేర్చు: వరద వచ్చినప్పుడు ఇద్దరి పారేసిన కట్టల్లోంచీ ఒక్కో పులస తిరిగి వస్తుంది. ఇద్దరికీ వస్తుంది కాబట్టి ఎప్పుడు దింపాలన్నది ఆలోచించాల్సిన సంగతవుతుంది.

కాంబో ఎంత తరచుగా పడుతుందో కూడా లెక్క వేసుకోవాలి. నీ ఆటలో మొదట 5 కార్డులు, వంతుకి ఒకటి. మూడో వంతుకి 8 కార్డులు చూస్తావు. 40 కార్డుల డెక్‌లో మూడేసి కాపీలున్న మూడు వేర్వేరు కార్డులు ఆ ఎనిమిదిలో పడే అవకాశం సుమారు 10 శాతం. ఐదో వంతుకి, 10 కార్డులు చూసేసరికి, 18 శాతం. అదే రెండు కార్డుల కాంబో అయితే ఐదో వంతుకి 33 శాతం. అందుకే రెండు కార్డులతో పూర్తయ్యే కలయిక మూడు కార్డులదానికంటే చాలా మెత్తగా ఉండాలి. ఇక నీ సెట్‌లో "జాలరి" అని, డెక్‌లోంచి కావలసిన కార్డు వెతికి తెచ్చేది ఉంది చూడు, నాకు అన్నిటికంటే దానిమీదే అనుమానం. ఒక కార్డుకి మూడు కాపీలుంటే పది కార్డుల్లో అది కనిపించే అవకాశం 59 శాతం. మూడు జాలరులు కూడా ఉంటే ఆ కార్డుకి ఆరు కాపీలున్నట్టే, 85 శాతానికి పోతుంది. జాలరి తనంతట తాను ఎవరినీ కొట్టదు, అందుకే ఎవరూ ఫిర్యాదు చేయరు. నీ ఆటలోని ప్రతి కాంబోకీ అది నూనె. జాలరి చేపల్ని మాత్రమే తేవాలి అని కట్టడి పెట్టు. పేరుకి తగ్గట్టే ఉంటుంది.

ఎదుటివాడి గురించి. మన ఇళ్లలో రమ్మీ ఆడటం చూసే ఉంటావు. ఎదుటివాడు కింద పడిన ఇస్పేటు ఏడు తీసుకున్నాడంటే, చేతిలో ఇస్పేటు ఎనిమిది ఉన్నవాళ్లు దాన్ని వదలరు, పనికిరాకపోయినా ఆపుకుంటారు. ఎదుటివాడి అవసరం కనిపిస్తుంది, దాన్ని ఆపే వీలు చేతిలో ఉంటుంది. ఆ కాస్త వీలే ఆటని ఆటగా ఉంచుతుంది. నీ మూడు కార్డుల చుట్టులో అది లేదు. ఎదుటివాడు దిద్దుకోవడానికి ఏ క్షణమూ లేదు. కాబట్టి అందరికీ అందుబాటులో ఉండే సాదా అడ్డు ఒకటి తక్కువ ఖరీదుకే పెట్టు. ఉదాహరణకి "లాకు తలుపు", 1 నీరు: ఈ వంతులో ఒక కార్డు బల్ల మీదకి రాకుండా ఆపు. పులసకి మాత్రమే పనిచేసే ప్రత్యేకమైన విరుగుడు పెట్టకు. అలాంటిది పెడితే పులస డెక్ ఎదురైన రోజు ప్రాణం నిలుపుతుంది, మిగతా రోజుల్లో చేతిలో బరువు. ఆటంతా ఎవరికి ఏ డెక్ తగిలింది అన్న అదృష్టానికి దిగిపోతుంది.

ఆడించేటప్పుడు గెలుపోటముల శాతం చూసి టెన్షన్ పడకు. ఇరవై ఆటల్లో పదమూడు గెలిచినా ఆ డెక్ బలమైందని చెప్పలేం. సరిసమానమైన డెక్కులకి కూడా అలా పడుతుంది. వంద ఆటలాడితే అటూ ఇటూ పది శాతం తేడా మామూలు. అది ఐదుకి తగ్గాలంటే నాలుగు వందల ఆటలు కావాలి. ఇంట్లో కూర్చుని ఆడించే మనకి అది అయ్యే పని కాదు. నేను చూసేది మనుషుల్ని. ఆదివారాలు మా అరుగు మీద పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చుంటాను. నీ మూడు కార్డులూ మొన్న ఇద్దరికి ఇచ్చాను, మిగతావి నా కార్డులు. ఒకడు చుట్టు మొదలుపెట్టాడు. నాలుగో చుట్టుకి రెండోవాడు తన కార్డులు బోర్లా పెట్టేశాడు. ఏడో చుట్టుకి వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ వీధిలోకి చూస్తున్నాడు. ఓడిపోతున్నందుకు కోపం కూడా లేదు వాడికి. ఆ కార్డులు బోర్లా పెట్టే చెయ్యే నాకు కొలబద్ద. ఎదుటివాడు ఏమీ చేయలేక కూర్చున్న సమయాన్ని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి రాసుకుంటాను. ఒకే వంతులో అది ఒక నిమిషం దాటితే, ఎవరు గెలిచినా, ఆ కలయికని మళ్లీ బల్ల మీదకి తెచ్చుకుంటాను.

తర్వాత సంత కార్డు మీద పెన్నుతో "ఆట బయటికి" అని దిద్ది, ఎదురీతని 3కి దించి మళ్లీ ఇచ్చాను. ఈసారి ఆట తొమ్మిదో వంతు దాకా సాగింది. పులసని అమ్ముకుని ఇప్పుడే నీరు తెచ్చుకోవాలా, పోట్లాటకి పంపి తర్వాత ఎదురీతతో తెచ్చుకోవాలా అని మొదటివాడు రెండుసార్లు చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు. ఒక్క ఆటే కాబట్టి దీన్నిబట్టి ఏదీ తేల్చలేం. నువ్వు ఈ వారం అదే దిద్దుబాటుతో ఒక పది ఆటలు ఆడించు. ప్రతి ఆటకీ మూడే సంగతులు రాయి: ఎన్నో వంతులో అయిపోయింది, ఎదురీత ఎన్నిసార్లు చేతిలోనే మిగిలిపోయింది, ఎదుటివాడు ఖాళీగా కూర్చున్న అతి పెద్ద సమయం ఎంత. ఆ కాగితంతోపాటు బాణాల బొమ్మ ఫోటో తీసి పంపు. జాలరి నుంచి బయల్దేరే బాణాలు అన్నీ నేనూ ఒకసారి చూస్తాను. అప్పటిదాకా ప్రెస్సువాళ్లకి అడ్వాన్సు ఇవ్వకు.